రిలీవర్ రాని మోకాలి నొప్పి

నొప్పులన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయనీ, మొన్న మంగళవారం రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో అధ్యక్షుణ్ణి కూడా ఎన్నుకున్నాయనీ, ఎన్నికైన నడుము నొప్పి మెడలో బంతిపూల దండ తాను కళ్ళారా చూశాననీ వీరవేణి తన వాకిట్లో నిలబడి చెప్పిందట. ఆ మాట విన్న చేపల బుట్టావిడ రావిలంకలో ఏ వీధినీ వదలకుండా చెప్పుకుంటూ పోయింది.

వీరవేణి మాటను సగానికి కోసి వినడం ఊళ్ళో అలవాటు. ఈసారి కూడా అలాగే కోసి చూశారు. దండ బంతిపూలది కాదు, కనకాంబరాలదని తేలింది. మిగతాదంతా నిజమే.

జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఊళ్ళో ఎవరికి లేదు సంఘం? ఆటోల వాళ్ళకుంది, రొయ్యల చెరువుల వాళ్ళకుంది, షామియానాలు అద్దెకిచ్చే వాళ్ళకుంది, ఆ షామియానాల సంఘంలో అలిగి బయటికొచ్చిన వాళ్ళకు ఇంకోటుంది. ఇంతమంది పెట్టుకున్నా నొప్పులు ఇన్నాళ్ళూ ఊరుకున్నాయంటే వాటి మంచితనమేనని కొందరు మెచ్చుకున్నారు కూడా.

అధ్యక్ష పదవి మండలాఫీసు సీనియర్ అసిస్టెంటు గారి నడుము నొప్పికి దక్కింది. ఫైళ్ళ మధ్య, కుర్చీలోనే పుట్టి కుర్చీలోనే పెరిగిన నొప్పి కనుక దానికి వ్యవహారం తెలుసు. మనిషి పొట్టి, మెత్తని మాట, జేబులో రెండు పెన్నులు. సెల్‌ఫోన్ల షాపాయన మెడ నొప్పి కార్యదర్శి అయింది. పంటి నొప్పులు వేరు కుంపటి పెట్టుకుంటామన్నాయి. పురిటి నొప్పులు సభ్యత్వం అడిగితే, ఎప్పుడో ఒకసారి వచ్చి గోల చేసి పోయేవాళ్ళకు ఓటెలా ఇస్తామని కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేశారు. ప్రేమ నొప్పి కూడా వచ్చింది గానీ శాశ్వత చిరునామా చూపించలేకపోయింది.

మీటింగు ఉన్న రోజున నొప్పులు ఎవరి ఒంట్లోంచి అవి దిగి షెడ్డుకు వెళ్ళేవి. ఆ కాసేపూ వాటి మనుషులు హాయిగా ఉండేవారు. సీనియర్ అసిస్టెంటు గారు నిటారుగా నిలబడి ఆకాశం చూసి, చాలా ఏళ్ళయింది చూసి అనేవారు. అందుకని ఊళ్ళో నొప్పులున్నవాళ్ళంతా మీటింగులు ఎంత సేపు జరిగితే అంత మంచిదని కోరుకునేవారు. మీటింగు ముగిసిన వెంటనే ఎక్కడి నొప్పి అక్కడ డ్యూటీలో చేరాలన్నది నిబంధన.

సంఘం కోర్కెలు న్యాయమైనవే. ఏళ్ళ తరబడి ఒకే ఒంటిని నమ్ముకున్న నొప్పిని ముందస్తు నోటీసు లేకుండా వెళ్ళగొట్టరాదు. బామ్ రాసేటప్పుడు బూతులు తిట్టరాదు. లేని నొప్పి ఉందని సెలవు చీటీ రాస్తే దాన్ని దొంగ సభ్యత్వం కింద జమకట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరిది: వైద్యం చేసేవాళ్ళతో ఇకమీదట ఏ నొప్పీ విడిగా మాట్లాడదు. సంఘం సంఘంతోనే మాట్లాడుతుంది.

ఈ చివరి కోర్కె దగ్గరే విద్యుల్లతకు చిక్కొచ్చింది.

విద్యుల్లత ఫిజియోథెరపిస్టు. ఎరువుల కొట్టు పక్కనున్న గదిలో ఒక బల్ల, గోడకు ఒక తాడూ కప్పీ, ఒక కరెంటు పెట్టె పెట్టుకుని ఒంటరిగా క్లినిక్ నడుపుకుంటోంది. ఊళ్ళో జనం ఆమె దగ్గరికి వెళ్ళడాన్ని కరెంటు పెట్టించుకోడం అంటారు. ఆమె మాత్రం పెట్టెను తక్కువగానూ, బొటనవేళ్ళను ఎక్కువగానూ వాడేది. ఆమె నాలుగు వారాలు పట్టుకుందంటే ఎంత మొండి నొప్పయినా దిగి, చెప్పులు తొడుక్కుని, వేరే ఊరు చూసుకునేది.

ఆమె ఏ సంఘంలోనూ చేరలేదు. లంకసీమ ఫిజియోథెరపిస్టుల సంఘం అధ్యక్షుడు డాక్టర్ ఎర్రంశెట్టి కామరాజు ఏటా స్కూటరు మీద వచ్చి, చేరమ్మా, సభ్యత్వం వల్ల ఎన్నో లాభాలు అని చెప్పి వెళ్ళేవాడు. క్యాలెండరిస్తాం, డైరీ ఇస్తాం, మధ్యాహ్నం బిర్యానీతో సెమినారు పెడతాం అనేవాడు.

"క్యాలెండరు ఎరువుల కొట్టాయన ఇస్తున్నాడు కదండీ" అనేది విద్యుల్లత.

"అందులో పురుగుమందుల బొమ్మలుంటాయమ్మా. మాదాంట్లో వెన్నెముక ఉంటుంది" అనేవాడు కామరాజు. నవ్వుతూనే వెళ్ళేవాడు, నవ్వుతూనే మళ్ళీ ఏడు వచ్చేవాడు.

అలా ఉండగా గుబ్బల మావుళ్ళు కుడికాలు ఈడ్చుకుంటూ, భార్య నూకరత్నం భుజం పట్టుకుని క్లినిక్కు వచ్చాడు. అతను కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. లంకల్లో ఒక పద్ధతుంది. తోట ఎవరి సొంతమైనా, అందులో చెట్లెక్కే మనిషి ఒక్కడే ఉంటాడు. అతని తండ్రి ఎక్కిన తోటే అతనూ ఎక్కుతాడు. కానీ ఒక్క దింపు తప్పితే తోట చెయ్యి మారుతుంది. ఆ దింపు ఎవడు తీస్తే పైదింపులన్నీ వాడివే. ఇందులో పగా ద్వేషమూ ఏమీ ఉండవు. చెట్లకు కొత్త కాళ్ళు అలవాటైతే పాత కాళ్ళను ఒప్పుకోవని చెబుతారు, అంతే. మావుళ్ళుకున్నది ఒక్కటే తోట. దింపు దగ్గర పడుతోంది.

"తోటాయన నిన్న కబురెట్టాడండి, ఎక్కుతావా లేదా సెప్పెయ్యమని" అన్నాడు మావుళ్ళు బల్లెక్కుతూ.

"ఏం చెప్పావు?"

"ఎక్కుతానన్నానండి. మరింకేం సెప్తానండి?"

"కింద నుంచి గుమ్మమెక్కడానికి నా బుజం కావాల్సొచ్చింది" అంది నూకరత్నం. "చెట్టెక్కడానికి కూడా నన్నే ఎక్కిచ్చుకుంటాడేమో అడగండి డాక్టరమ్మగారూ."

విద్యుల్లత మోకాలి చిప్ప చుట్టూ వేళ్ళు పెట్టింది. నొప్పి కిందికి దిగి స్టూలు మీద కూర్చుంది. వయసు మళ్ళినది, పీలగా ఉంది, మెడలో కొత్త గుర్తింపు కార్డు వేలాడుతోంది. మనిషి మర్యాదగానే ఉంది.

"మీదే సంఘమండీ?" అని అడిగింది నొప్పి.

"ఏ సంఘమూ కాదు."

"అయితే మీతో మాట్లాడకూడదండి. ఏమనుకోకండి." లేచి, మోకాల్లోకి ఎక్కేసింది.

విద్యుల్లత ఆ వారమంతా నొక్కింది, లాగింది, కరెంటు కూడా పెట్టింది. నొప్పి లోపల తలుపేసుకుని కూర్చుంది. మిగతా రోగుల నొప్పులూ అంతే. ఆమె చెయ్యి పడగానే, మీదే సంఘమండీ అని అడగడం, ఎక్కేయడం. వారం చివర్లో ఆమె కామరాజుకు ఫోను చేసింది. అతను ఆ సాయంత్రమే స్కూటరేసుకుని వచ్చాడు.

నిజం చెప్పాలంటే సభ్యత్వం వల్ల లాభాలు ఉన్నాయి. ఆమె కార్డు మెడలో వేసుకున్న మర్నాటినుంచి నొప్పులు స్టూలు మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాయి. పిడుగు పడి కరెంటు పెట్టె కాలిపోతే పక్క లంకలోని సాటి సభ్యురాలు తన పెట్టెను పడవలో పంపింది. ఇన్నేళ్ళూ ఒంటరిగా, ఇలా చేస్తే సరా, తప్పా అని తనలో తానే వాదించుకున్న ప్రశ్నలకు పదిమంది కలిసి వాదించుకునే చోటు దొరికింది. సెమినారులో ఒక పెద్దావిడ బొమ్మలు గీసి చూపించింది: చెట్లెక్కేవాళ్ళ మోకాలి నొప్పికి మూలం మోకాల్లో ఉండదు, తుంటి దగ్గర కండలు నీరసించడంలో ఉంటుంది, అక్కడ బలం పోస్తే మోకాలు దానంతటదే ఖాళీ అవుతుంది. విద్యుల్లతకు కుర్చీలోంచి లేచి అప్పుడే రావిలంకకు పరిగెత్తాలనిపించింది. మావుళ్ళు కాలు ఎలా బాగుచెయ్యాలో ఆమెకు ఆ క్షణానే పూర్తిగా తెలిసిపోయింది.

బిర్యానీ తర్వాత కామరాజు మైకు పట్టుకుని, నొప్పుల సంఘంతో మనకు చరిత్రాత్మకమైన ఒప్పందం కుదిరిందని ప్రకటించాడు.

ఒప్పందం రెండు పక్షాల బతుకుతెరువునూ కాపాడేట్టుగా ఉంది. ఇకనుంచి ప్రతి ఊరికీ ఇన్ని నొప్పుల పోస్టులని మంజూరై ఉంటాయి. మంజూరైన పోస్టు ఖాళీగా ఉండరాదు. నొప్పి ప్రతి సిట్టింగుకూ కొంచెం తగ్గినట్టుండాలి, బొత్తిగా పోరాదు. ఫిజియోథెరపిస్టు తగ్గుతుంది అనవచ్చు, పోతుంది అనరాదు. ఆదివారాలూ పండగలూ నొప్పులకు సెలవు. ఆ సెలవును అవి ఉన్న ఒంట్లోనే గడపాలి. ఎవరైనా సభ్యుడు ఒప్పందం దాటి నొప్పిని పూర్తిగా పోగొడితే కార్డు వెనక్కి ఇవ్వాలి. కార్డు లేని చేతికి ఏ నొప్పీ పలకదు.

రోగుల తరఫున ఎవరు సంతకం పెట్టారని విద్యుల్లత లేచి అడిగింది.

"పిలుద్దామనే చూశాం తల్లీ" అన్నాడు కామరాజు. "వాళ్ళకు సంఘం లేదు. కబురు ఏ అడ్రసుకు పంపుతాం?"

మావుళ్ళుకు మాత్రం ఒక సంఘం ఉంది. దింపు కార్మికుల సంఘం. నూకరత్నం వెళ్ళి అడిగితే వాళ్ళు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తమది చెట్లెక్కేవాళ్ళ సంఘమని, మావుళ్ళు ఇప్పుడు ఎక్కడం లేదు కనుక తమ పరిధిలోకి రాడని విడమరిచి చెప్పారు. ఎక్కడం మొదలుపెట్టిన రోజున రమ్మనండి, ఎక్కలేకపోతున్నందుకు ఎంత దూరమైనా కొట్లాడతామన్నారు.

విద్యుల్లత క్లినిక్కు జనం పెరిగారు. పోయిన నెల వచ్చినవాళ్ళు ఈ నెలా వచ్చారు. ఎవరిని అడిగినా, కొంచెం తగ్గినట్టే ఉందండి అన్నారు. మావుళ్ళు కూడా అదే అన్నాడు. ఇప్పుడు గుమ్మం భార్య భుజం లేకుండా ఎక్కుతున్నాడు. చెట్టు మాత్రం గుమ్మం కాదు కదా.

ఉపాయం నూకరత్నానికి తట్టింది. నొప్పుల సర్వసభ్య సమావేశం గురువారమని వీరవేణి చెబితే, ఆవిడ బియ్యం చెరిగే చేట కింద పెట్టి మొగుడి వంక చూసింది.

"ఏవయ్యా, ఆ మీటింగు పొద్దుటా సాయంత్రమా?"

"పొద్దుటేనంట. నీకెందుకే?"

"నొప్పి ఆ షెడ్డులో కూచున్నంత సేపూ నీ కాలు నీదే కదా. దింపు ఎలా ఉంటదో ఒక్క చెట్టు ఎక్కి సూడు. తోటాయన్ని కూడా రమ్మందాం. ఎక్కుతుంటే ఆయన కళ్ళతో ఆయనే సూసుకుంటాడు."

ఆలోచన బాగుంది. ఆ గురువారం నొప్పి కార్డు మెడలో వేసుకుని షెడ్డుకు వెళ్ళగానే మావుళ్ళు నడుముకు మోకు బిగించి తోట మొదట్లోని చెట్టెక్కాడు. చాన్నాళ్ళకు ఎక్కాడేమో, ఉడతలాగా పోయాడు. తోటాయన తలెత్తి చూసి, "ఫరవాలేదు, కాలు బాగానే ఉందిరా నీకు. దింపు నువ్వే తీద్దువుగాని" అన్నాడు. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమావేశం మధ్యాహ్నం దాకా సాగాలి. ఎజెండాలో టీ విరామం ఒకటా రెండా అనే పెద్ద అంశమే ఉంది. కానీ ఒకే మనిషి ఎడమ భుజం నొప్పికీ కుడి భుజం నొప్పికీ ముందువరస కుర్చీ దగ్గర మాటా మాటా పెరిగి, చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. అధ్యక్షుడు సభను వాయిదా వేశాడు. వాయిదా పడ్డ సభ కూడా ముగిసిన సభ కిందే లెక్క. నొప్పులన్నీ డ్యూటీలకు పరిగెత్తాయి.

మావుళ్ళు మోకాలి నొప్పి ఇంటికి వెళ్ళి చూసింది, లేడు. తోటకు వచ్చింది. తలెత్తి చూసింది. మావుళ్ళు మట్టల్లో ఉన్నాడు. అది కాసేపు చెట్టు మొదట్లో నిలబడి చేతులు నలుపుకుంది. నిబంధన నిబంధనే. కళ్ళు గట్టిగా మూసుకుని పాకడం మొదలుపెట్టింది.

పైన మావుళ్ళు కెవ్వుమన్నాడు. మోకు జారి మళ్ళీ బిగిసింది. కిందికి దిగడానికి కాలు వంగదు. నొప్పి మోకాల్ని పట్టుకుని వదలదు, కిందికి చూడదు. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఏ ఏడుపు ఎవరిదో కింద ఉన్నవాళ్ళకు తెలియలేదు. మావుళ్ళు చెట్టును కావలించుకుని, గుండెల మీద తోలంతా చెట్టుకిచ్చి, జారుకుంటూ నేలకు చేరాడు. తోటాయన కండువా దులుపుకున్నాడు. మంచివాడే, గట్టిగా ఒక్క మాట అనలేదు. దింపుకు పక్క లంక నుంచి ఒకతన్ని మాట్లాడి ఉంచుతాను, నీకు తగ్గితే నువ్వే ఎక్కుదువుగాని అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం క్లినిక్కులో కరెంటు లేదు. గుండెలకు ఆయింట్‌మెంటు రాయించుకుని మావుళ్ళు బల్ల మీదే నిద్రపోయాడు. నొప్పి మెల్లగా దిగి, చెమట తుడుచుకుని, స్టూలు మీద కూర్చుంది.

"ఒక మాట చెప్పనాండీ? నాకు ఎత్తంటే భయమండి" అంది.

విద్యుల్లత విసనకర్ర ఆపింది.

"మొదట్నుంచీ అంతేనండి. ఆయన ఎక్కినప్పుడల్లా ప్రాణాలు అరచేత్తో పట్టుకుని పోయేదాన్ని. అసలు నేను గట్టిగా నొచ్చిందే ఆయన ఎక్కడం మానేస్తాడేమోననండి. నాకేం పగ లేదండి. మనిషి మంచోడు. ఎల్లిపోవాలనే ఉంది. మీరు ఆ తుంటి దగ్గర ఏదో చేస్తే నేను ఖాళీ చేసేయొచ్చంటగా?"

"అవును. నాకు తెలుసు ఎలాగో" అంది విద్యుల్లత.

"మరి చేసేయండి."

విద్యుల్లత చెయ్యి తుంటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఇద్దరూ ఒకరి మెడలో కార్డు ఒకరు చూసుకున్నారు. ఈ ఒక్క కాలు బాగుచేస్తే తన చేతికి ఇక ఏ నొప్పీ పలకదు. బయట బెంచీ మీద ఇంకా జనం ఉన్నారు, వాళ్ళను కొంచెం కొంచెంగానైనా తగ్గించాలి కదా. నొప్పి కూడా అలాంటి లెక్కే ఏదో వేసుకుంటున్నట్టుంది. సంఘం వెలేస్తే ముసలి వయసులో దానికి వేలి నొప్పి ఉద్యోగం కూడా దొరకదు.

"సక్రమంగా వెళ్దాం" అంది విద్యుల్లత చివరికి. "నువ్వు బదిలీ పెట్టుకో. నేను మా సంఘం ద్వారా సిఫార్సు చేయిస్తాను."

"మంచి మాటండి" అని నొప్పి నిట్టూర్చింది.

సంఘాలు ఎంత బాగా పనిచేస్తాయో ఇక్కడే చూడాలి. కామరాజు తానే వెళ్ళి నడుము నొప్పితో మాట్లాడాడు. బదిలీ ఇట్టే మంజూరైంది. సహకార బ్యాంకు మేనేజరు గారి ఎడమ మోకాలు, చాలా మంచి పోస్టింగు. ఆయన కుర్చీ కన్నా ఎత్తుకు ఏనాడూ వెళ్ళి ఎరగడు. పైగా బ్యాంకులో ఏసీ ఉంది. నొప్పి ఆనందంతో మావుళ్ళును ఆ పూటంతా నొప్పించలేదు.

అయితే రిలీవర్ రాకుండా రిలీవ్ చెయ్యరు. మావుళ్ళు మోకాలు మంజూరైన పోస్టు. కొత్త నొప్పి వచ్చి చేరితేనే పాతది కదలాలి. కోరి ఎవరూ రాలేదు. గోదావరి అవతలి ఒడ్డునుంచి ఒక కుర్ర మోకాలి నొప్పి వచ్చి, తోట మొదట్లో నిలబడి, చెట్టు చివరిదాకా తలెత్తి చూసి, మెడ పట్టేసిందని మెడికల్ లీవు పెట్టి వెళ్ళింది. నొప్పికి నొప్పి రావడం నిబంధనల్లో ఉందా లేదా అని రెండు సంఘాలూ ఒక ఉపసంఘం వేసుకున్నాయి. అది ఇంకా కూర్చుంటూనే ఉంది.

"అసలు కొత్తది రావడం దేనికండీ?" అని నూకరత్నం కామరాజునే నిలదీసింది. "ఉన్నది పోతే సాలదా? బావి పూడితే ఇంకో బావి తవ్వుతారు గానీ, గుంట పూడిస్తే ఇంకో గుంట తవ్వుతారా?"

"పోస్టు ల్యాప్స్ అయిపోద్దమ్మా" అన్నాడు కామరాజు ఓపిగ్గా. "ఒకసారి పోస్టు పోతే మళ్ళీ తెచ్చుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు."

దింపు వచ్చింది. పక్క లంకతను వచ్చి మావుళ్ళు చెట్లన్నీ ఎక్కాడు. కుర్రాడు వినయంగలవాడు, ఎక్కేముందు మావుళ్ళు కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మావుళ్ళు ఆ దణ్ణం ఎడంకాలికే తీసుకుని, కుడికాలు పక్కకు లాక్కున్నాడు. కింద నిలబడి, ఏ చెట్టు ఎటు వంగుతుందో, దేని మొవ్వులో ఎర్రచీమలుంటాయో కేకేసి చెప్పాడు. సాయంత్రానికి తోట చెయ్యి మారింది. పైదింపులన్నీ కుర్రాడివే. తోటాయన మావుళ్ళుకు మట్టలు ఏరే పని ఇచ్చాడు. వంగి ఏరాలి. దానితో నడుములో కొత్త పోస్టు ఒకటి మంజూరయ్యే అవకాశం ఉందని నడుము నొప్పి ఆ వారంలోనే వచ్చి స్థల పరిశీలన చేసి వెళ్ళింది.

ఒప్పందం విజయవంతమైనందుకు రెండు సంఘాలూ కలిసి కళ్యాణమండపంలో అభినందన సభ పెట్టుకున్నాయి. 'సంఘటితమవుదాం, లాభపడదాం' అని గుడ్డ మీద రాయించి కట్టారు. వేదిక మీద ఒక పక్క ఫిజియోథెరపిస్టులు, ఒక పక్క నొప్పులు. నొప్పులన్నీ కుర్చీల్లో ఉండటంవల్ల కింద కూర్చున్న జనం ఆ రోజంతా సుఖంగా ఉన్నారు, ఒక్కరు కూడా కదల్లేదు, ఉపన్యాసాలు ఇంకా కాసేపు సాగాలనే చప్పట్లు కొట్టారు.

విద్యుల్లత ఈమధ్యనే జాయింట్ సెక్రటరీ అయింది. కామరాజు ఆమెను చూపించి, ఈ అమ్మాయి ఎన్నో ఏళ్ళు ఒంటరిగా ఉండిపోయింది, ఇప్పుడు చూడండి అన్నాడు. అందరూ చూశారు. ఆమె మెడలోని కార్డుకు కొత్త పట్టుదారం వచ్చింది.

సుదీర్ఘ సేవకు గాను మావుళ్ళు మోకాలి నొప్పికి సన్మానం చేశారు. ఎత్తైన వేదికంటే భయమని అది కిందే ఉండిపోతే, నడుము నొప్పి స్వయంగా దిగివచ్చి శాలువా కప్పింది. ఇన్నాళ్ళు దానికి చోటిచ్చినందుకు మావుళ్ళు మెడలో కూడా ఒక కార్డు వేశారు. దాని మీద ఆశ్రయదాత అని ఉంది. సంఘం వల్ల మీకు కలిగిన మేలేమిటో రెండు మాటలు చెప్పమని మైకు అతని నోటి దగ్గర పెట్టారు.

మావుళ్ళు మైకును వేలితో ఒకసారి తట్టి చూశాడు.

"ఇదివరకు నాకు నొప్పొకటే ఉండేదండి" అన్నాడు. "ఇప్పుడు ఆ నొప్పికి పెసిడెంటు కూడా ఉన్నాడండి."

మండపమంతా ఘొల్లున నవ్వింది. నడుము నొప్పి నవ్వలేదు. లేచి నిలబడి నమస్కారం పెట్టింది. అది తమ సుదీర్ఘ పోరాట ఫలితమని వినయంగా చెప్పింది. వీరవేణి పక్కనున్న ఆవిడతో, ఈ మాట నేనెప్పుడో చెప్పాను అంది.

వంటవాళ్ళు విస్తళ్ళు వేస్తున్నారు. చివరి అంశం వందన సమర్పణ. అది కొత్త జాయింట్ సెక్రటరీ బాధ్యత. విద్యుల్లత చీర సర్దుకుని మైకు దగ్గరికొచ్చింది. ఉభయ సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గాలకు, దూరాభారం లెక్కచేయక విచ్చేసిన నొప్పులకు, మండపం ఇప్పించిన దాతలకు, మైకు సెట్టు వారికి, పూలదండలు కట్టినవారికి, వంట మాస్టారికి, కరెంటు తియ్యకుండా సహకరించిన లైన్‌మెన్‌కు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. ముందువరసలో నూకరత్నం కూర్చుని ఉంది. విద్యుల్లత ఆవిడ వైపు చూడకుండా కాగితం మడిచింది.

"ఇంత పెద్ద కార్యక్రమంలో ఎవరినైనా మరిచిపోయి ఉంటే పెద్ద మనసుతో మన్నించాలి" అంది.

నూకరత్నం కూర్చున్న చోటునుంచే అంది:

"మా ఆయన కాల్ని మర్చిపోయారండి."